పగిలిన అద్దంతో మిర్యాలగూడకి

వెళ్ళొచ్చి వారమైంది. తణుకులో మా వీధివాళ్ళు కనిపించినప్పుడల్లా "మిర్యాలగూడ ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను? ఏ ఊరికి వెళ్ళినా నా కళ్ళు ఊరి మీద లేవు, కారు అద్దం మీదున్నాయి. పగులు పక్కనుంచి ఎంత కనిపిస్తే అంతే చూశాను. చూసినంత మటుకు చెబుతాను.

మేం షికారుకి వెళ్ళలేదు. మా అమ్మాయి ప్రసన్నని పురిటికి తీసుకురావడానికి వెళ్ళాం. దాన్ని మిర్యాలగూడ ఇచ్చి మూడేళ్ళు. కడుపుతో ఉన్న పిల్లని పుట్టింటికి తీసుకురావాలంటే బేసి నెల కావాలి కదా. ఎనిమిదిలో గడప దాటించరు. తొమ్మిదిలో అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఇక ఏడో నెలంటారా, వర్జ్యమని ఒకరోజు, అమావాస్యని ఒకరోజు, మావారు పంచాంగం పట్టుకుని దాన్ని కాస్తా కరగబెట్టేశారు. మేం బయల్దేరిన మర్నాటితో ఆ నెల సరి. ఆ ఒక్కరోజు తప్పిందా, కాన్పు అక్కడే.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను, దాచుకుని లాభం లేదు. పోయినేడు ప్రసన్న మొదటి కడుపుతో ఐదో నెలలో మా ఇంటికొచ్చింది. వచ్చిన కొద్దిరోజులకే ఆ కడుపు పోయింది. మా ఇంట్లోనే, మా పెరటి గదిలోనే. అప్పట్నుంచీ ఆ గదిలోకి వెళితే నాకు ఊపిరాడదు. ఈసారి దాన్ని అదే ఇంటికి తెచ్చుకుని, నా చేత్తో తలంటిపోసి, బిడ్డనెత్తుకుని వెళ్ళేలా పంపాలని నా పంతం. పంతమని పైకి అంటాను గానీ, లోపలున్నది భయం.

కారు నడిపేది నేనే. మావారికి రాదు. నేర్చుకోండి మహానుభావా అంటే ఇరవై ఏళ్ళుగా మంచిరోజు కుదరలేదంటారు.

సరిహద్దు దాటాక ఒక రాయి

బెజవాడ దాటేదాకా ఏ గొడవా లేదు. ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది. సరిహద్దు దాటి కోదాడ ఇంకాస్త దూరం ఉందనగా, ముందు కంకర టిప్పరొకటి పోతోంది. పైన పట్టా కప్పలేదు. దాన్ని దాటేద్దామని నేను తొందరపడుతున్నాను, తొందరెందుకని ఆయన సణుగుతున్నారు. ఇంతలో టిప్పరు గుంతలో పడి లేచింది. పైనుంచి ఎగిరిన రాయి వచ్చి మా అద్దానికి ఠంగుమని తగిలింది.

ఆయన కూర్చున్న వైపు, రూపాయి బిళ్ళంత చుక్క. దాని చుట్టూ సాలీడు కాళ్ళలాంటి సన్నని గీతలు. మాకేమీ కాలేదు. కారు పక్కకాపి చూస్తే, ఆయన దెబ్బ తగిలిన మనిషిలా నోరు తెరిచి కూర్చున్నారు. "శుభమా అని పిల్లని తేవడానికి వెళ్తుంటే అద్దం పగలడమేంటే" అన్నారు. అద్దం పగిలిందని తెలుసుకోడానికి పంచాంగం అక్కర్లేదు, నోరు మూసుకుని కూర్చోమన్నాను. అన్నానే గానీ, ఆ గీతలు లెక్కపెట్టడం నేనే మొదలుపెట్టాను.

కోదాడ

కోదాడ చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు. రోడ్డు మీద సంచులు తగిలించుకున్న పిల్లలు, వాళ్ళ పక్కనే వడ్ల ట్రాక్టర్లు. అక్కడి మాట సగం మాదిలా, సగం వాళ్ళదిలా ఉంటుంది. టీ బండి ఆమె "టీ తాగుతారా అండీ" అని మర్యాదగా అడిగి, వెంటనే లోపలికి తిరిగి "రెండు చాయ్ పెట్టు, జర పెద్ద గ్లాసుల పొయ్యి" అని కేకేసింది. చాయ్ పదిహేను రూపాయలు. మా తణుకులో పదికే ఇస్తారు గానీ అంత చిక్కగా ఉండదు.

కార్ల అద్దాల కొట్టు ఎక్కడుందని అడిగితే ఆమే చూపించింది. కొట్టాయన వంగి చూసి, వేలితో తడిమి, మా మోడల్ అద్దం తన దగ్గర లేదన్నాడు. సూర్యాపేటలో దొరకొచ్చట. చుక్క చిన్నదే కాబట్టి నెమ్మదిగా పోతే ఏం కాదన్నాడు. సరే, బయల్దేరదామంటే మావారు కనపడరు.

పక్క బడ్డీలో నిమ్మకాయలు కొంటున్నారు. దిష్టి తియ్యకుండా ఈ బండి అడుగు ముందుకి కదలడానికి వీల్లేదట. వద్దన్నా వినే మనిషైతే నేను ఇలా ఎందుకున్నాను? ఆ మిట్టమధ్యాహ్నం, నలుగురూ చూస్తుండగా, నిమ్మకాయ పట్టుకుని అద్దం చుట్టూ ముమ్మారు తిప్పి, చక్రం కింద పెట్టించి నాచేత తొక్కించారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. దిష్టి తీసినచోట నీళ్ళు జల్లాలి కదా. చేతిలో అప్పుడే కొన్న ఫ్రిజ్జు నీళ్ళ సీసా ఉంది. సీసా ఎత్తి, ఎండలో పెనంలా కాలుతున్న అద్దం మీద గుమ్మరించారు.

టప్పుమంది. రూపాయంత చుక్క లోంచి ఒక గీత బయల్దేరి, మా కళ్ళముందే పాకుతూ పాకుతూ ఆయన సీటు ముందంతా దాటి కింది అంచుదాకా వెళ్ళి ఆగింది. కొట్టాయన తల పట్టుకున్నాడు. "కాగిన అద్దం మీద సల్లనీళ్ళు పోస్తే పలగక ఏమైతదండీ" అన్నాడు పాపం, నెమ్మదిగానే. దిష్టి తీసినాయన మాత్రం సీసా పట్టుకుని అలాగే నిలబడ్డారు. కాసేపటికి "ఉన్న దోషమంతా బయటికొచ్చేసింది" అన్నారు. నేను ఆయనతో సూర్యాపేట దాకా మాట్లాడలేదు.

మాట్లాడకపోతే మనసు ఊరుకుంటుందా? గతుకు తగిలినప్పుడల్లా గీత పెరిగిందేమోనని చూడ్డం, చూస్తే ముందున్న లారీ మీదికి పోతానేమోనని ఉలిక్కిపడ్డం. ఎడంచెయ్యి ఊరికే అటు పోతోంది. ప్రసన్న ఫోన్ చేసి ఎక్కడున్నారంది. దారిలోనే ఉన్నాం, బ్రహ్మాండంగా ఉన్నామని అబద్ధం చెప్పాను.

సూర్యాపేట

సూర్యాపేటలో అద్దాలు బిగించే సలీం భాయ్ షెడ్డు ఊరి చివర ఉంది. అక్కడా మా అద్దం లేదు. హైదరాబాద్ నుంచి తెప్పించాలన్నాడు. "రేపు సాయంత్రానికి వస్తది. ఈడ్నే ఉండుర్రి, బిగిచ్చుకొని పోదురు."

రేపు సాయంత్రానికి మా పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. సలీం భాయ్‌కి ఏడో నెల సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇంట్లో తన కూతురూ నీళ్ళాడేలా ఉందట. అప్పుడిక అద్దం అమ్మే మాట మానేసి మమ్మల్ని పంపించే మాటలో పడ్డాడు. ఈ అద్దం రెండు పొరలు అంటించి చేస్తారట, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుందట. గీతలు పెరుగుతాయి గానీ ముక్కలై ఒళ్ళో పడవన్నాడు. ఏసీ గాలి అద్దానికి తగలనివ్వొద్దు, కిటికీలు కాస్త దించుకోండి, గీత మీ ముందుకొస్తే మాత్రం నడపొద్దు అన్నాడు. రెండువైపులా తెల్ల టేపు వేశాడు, దాంతో గీత ఆగిపోతుందని కూడా చెప్పాడు. ఆగలేదనుకోండి, తెల్లారేసరికి టేపు ఎండకి కాదు, మంచుకి కాదు, ఊరికే ఊడిపోయి వేలాడుతోంది. కానీ ఆయనన్న ఒక మాట నాకు ఆ రాత్రికి కాస్త నిద్ర పట్టించింది. "తలకొచ్చింది తలపాగతోటి పోయిందనుకో అమ్మా. రాయి అద్దానికి తగిలింది, మీకు తగల్లే."

ఇదే మాట మావారు రాసి పెట్టుకున్నట్టు దారంతా వల్లించారు. తన నోట వచ్చినట్టే.

చీకట్లో ఎదురు లైట్లు పగులు మీద పడితే దారి కనపడదని ఆ రాత్రికి అక్కడే లాడ్జిలో దిగి, కింద మెస్సులో తిన్నాం. మా గోదావరి వాళ్ళం పులుసులో ఓ బెల్లం ముక్క వెయ్యనిదే ఊరుకోం. అక్కడ వంకాయ కూర నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి పొగొచ్చింది. నా అవస్థ చూసి వడ్డించే ఆమె ఇంత గడ్డపెరుగు తెచ్చి పోసింది. "మీ మాట మెత్తగున్నది, ఏ ఊరు మీది?" అని అడిగింది. బిడ్డని తీసుకెళ్ళడానికి వచ్చామని చెబితే ఇంకో గరిటె పోసింది. పడుకున్నాక రెండుసార్లు లేచి కిటికీలోంచి కారు చూసుకున్నాను. పైనుంచి ఏం కనపడుతుంది? అయినా చూశాను.

వడ్లు ఆరబోసిన దారి

పొద్దున్నే మిర్యాలగూడ దారి పట్టాం. యాసంగి కోతలైన రోజులు, మా వైపు దాళ్వా అంటామే, అదే. సగం రోడ్డు బళ్ళది, సగం రోడ్డు వడ్లది. మైళ్ళకి మైళ్ళు బంగారు రంగు దుప్పటి పరిచినట్టు ఆరబోశారు. మా వైపూ ఆరబోస్తాం గానీ ఇంతలా రోడ్డుని చీల్చుకోం. ఆడవాళ్ళు పాదాలతో చాళ్ళు తీస్తూ వడ్లు తిరగేస్తున్నారు. ఎదురుగా లారీ వస్తే దిగడానికి చోటు లేదు, ఆగాల్సిందే. మామూలుగా అయితే ఆ రంగు చూస్తూ ఎంతసేపైనా ఆగేదాన్ని. ఆరోజు ఆగిన ప్రతిసారీ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాను. వడ్లు పోకుండా అడ్డం పెట్టిన రాళ్ళని తప్పించుకుంటూ, ఊరూరా స్పీడ్ బ్రేకర్ల మీద గర్భిణిని దించినట్టు కారుని దించుకుంటూ వెళ్ళాను. అప్పటికీ ఒక పిల్లగీత కొత్తగా పుట్టింది.

మిర్యాలగూడ

ఊరు రాకముందే ఊక వాసన వచ్చింది. మిల్లుల ముందు లారీల బారు, లారీల కింద నీడలో తుండుగుడ్డ పరుచుకుని నిద్రపోయే డ్రైవర్లు, దూరదేశాల నుంచి వచ్చి బస్తాలు మోసే కూలీలు. మా అల్లుడు అలాంటి ఒక మిల్లులోనే సూపర్‌వైజరు. కోతల రోజుల్లో ఇంటికి తిండికి వస్తే అదే గొప్ప.

ఇంటి ముందు కారాపగానే మా వియ్యపురాలు యాదమ్మ గారు కాళ్ళకి నీళ్ళివ్వడానికి చెంబుతో ఎదురొచ్చారు. నవ్వుతూ వచ్చిన మనిషి అద్దం చూశారు. చెంబు అరుగు మీద పెట్టేసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఏమీ అడగలేదు. ముందు తినమన్నారు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. మన గోంగూరే వాళ్ళ పుంటికూర. ఏ రోజైనా అయితే రెండో రొట్టె అడిగి వేయించుకునేదాన్ని. ఆ రోజు ఉన్న ఒక్క రొట్టే తుంచుతూ కూర్చున్నాను. ప్రసన్న ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది. మొహం నిండుగా ఉంది, కళ్ళకింద మాత్రం నల్లగా ఉంది. సంచి సర్దుకుని గుమ్మం పక్కనే పెట్టుకుంది.

చేతులు కడుక్కున్నాక యాదమ్మ గారు చెప్పేశారు. "కోపం జేసుకోకు వదినె. పలిగిన అద్దం బండ్ల నా కోడల్ని పంప. పోయినేడు సంగతి నీకూ ఎర్కే."

సలీం భాయ్ చెప్పిందంతా చెప్పాను. ఒళ్ళో పడదు, నెమ్మదిగా వెళ్తాను, గీత నా వైపు లేదు అన్నాను. ఆమెది ఆ భయం కాదు. అద్దం ముక్కల్ని ఆపే ప్లాస్టిక్ పొర ఉంటుందేమో గానీ ఆమె భయాన్ని ఆపే పొర నా దగ్గర లేదు. మావారు నా తరఫున మాట్లాడతారేమోనని అటు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, చెల్లెమ్మగారు చెప్పేదాంట్లో కూడా శాస్త్రముందన్నారు. చంపేద్దామన్నంత కోపం వచ్చింది. అల్లుడు మిల్లు నుంచే నలుగురికి ఫోన్లు చేశాడు. ఆరోజు పెళ్ళిళ్ళ ముహూర్తం, కిరాయి బండి ఒక్కటి లేదు. రైళ్ళలో నిలబడే చోటు కూడా లేదు. రేపటి నుంచి ఎనిమిదో నెల. నేను ఇక ఒక్కచోట కూర్చోలేక వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగాను. నా ఇల్లు ఒక బిడ్డని మింగిందని వీళ్ళు నమ్ముతున్నారేమో, అది పైకి అనలేక అద్దం పేరు చెబుతున్నారేమో అనిపించింది. నాకే అలా అనిపించిన రోజులున్నాయి మరి. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అప్పుడు ప్రసన్న లేచి అత్తగారి ముందుకెళ్ళి నిలబడింది. నాతో మాట్లాడితే దానికి గోదావరి యాస, ఆమెతో మాట్లాడితే అచ్చం ఆ ఊరి యాస.

"అత్తమ్మా, పోయిన్సారి అద్దం మంచిగనే ఉండె. వారం చూసినం, వర్జ్యం చూసినం. పక్కింటి సుశీలత్త నీళ్ళబిందెతోటి ఎదురొచ్చింది. మీరేమో నా ముంగట పడొద్దని లోపలి అర్రల తలుపేస్కొని కూసున్నరు. ఏమాయె?"

 యాదమ్మ గారి భర్త పోయి ఏడేళ్ళు. అప్పట్నుంచీ ఏ శుభానికైనా ఎవరూ చెప్పకముందే ఆవిడే లోపలికెళ్ళిపోతారట. ఆవిడే వెళ్ళిపోతుంటే, వెళ్ళొద్దని ఎవరూ అనలేదట.

"ఈసారి గట్ల పోను" అంది ప్రసన్న. "మీరు తలుపు చాటుకి పోతే నేను ఏ బండీ ఎక్క. అద్దం మంచిదైనా ఎక్క."

యాదమ్మ గారు దాని తల మీద చెయ్యి వేసి, లోపలికెళ్ళారు. తలుపు చప్పుడైంది. అయిపోయింది, మళ్ళీ తలుపేసుకున్నారు అనుకున్నాను. మావారు గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. ప్రసన్న తన సంచి తీసుకెళ్ళి మళ్ళీ గదిలో పెట్టేసింది. అది చూడటం నావల్ల కాలేదు.

కాసేపటికి తలుపు తీసుకుని ఆవిడ బయటికొచ్చారు. చీర మార్చుకున్నారు. చేతిలో గుడ్డసంచి ఉంది. నేరుగా కారు దగ్గరికి నడిచి, ముందు తలుపు ఎలా తియ్యాలని నన్నడిగారు.

"ముంగట నేను కూసుంట వదినె. పిల్లను ఎన్క కూసోబెట్టు. తగిలేదేదన్న ఉంటే ముందుగాల నాకే తగల్నీ."

ప్రసన్న గదిలోకెళ్ళి తన సంచి మళ్ళీ తెచ్చుకుంది. సుశీలమ్మ బిందెతో గేటు దాకా వచ్చి, ముందు సీట్లో యాదమ్మ గారిని చూసి, రావాలో వద్దో తెలీక ఆగిపోయింది. యాదమ్మ గారే చెయ్యూపి రమ్మన్నారు.

తిరుగుదారి

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ, అక్కడ్నుంచి హైవే. వెళ్ళేటప్పుడు నా ఎడంపక్క పంచాంగం ఉంటే, వచ్చేటప్పుడు ఒక అరచెయ్యి ఉంది. స్పీడ్ బ్రేకరొచ్చినా, గుంత కనిపించినా, యాదమ్మ గారు ముందుకి వంగి పగులు మీద అరచెయ్యి ఆన్చి పట్టుకునేవారు. దాటాక తీసేవారు. మళ్ళీ గుంత, మళ్ళీ చెయ్యి. వెనక ప్రసన్న తలకింద మావారి భుజం. అది నిద్రపోతోంది. ఆయన చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

వేలికి గీసుకుంటుందేమోనని నాకు ఇంకో గుబులు. అది ఊడిపడదు, చెయ్యి తీసెయ్యండి వదినగారూ అని కోదాడ దాటాక చెప్పాను.

"పడదని ఎర్కే" అన్నారు. "చెయ్యి పెడితే జర నిమ్మళంగుంటది." ఇంకొంచెం దూరం పోయాక, అద్దంలోకే చూస్తూ అన్నారు. "పోయిన్సారి పిల్ల పోయేటప్పుడు మొఖం సూల్లే వదినె. తలుపు సందుల నుంచి కారు ఎన్క భాగమే కనవడ్డది. కడుపు పోయిందని ఫోనొచ్చిన్నాడు నాకు గదే యాదికొచ్చింది."

మా ఇంటి గురించి నేను పడ్డ అనుమానం తలుచుకుని నాకు సిగ్గేసింది. గేరు మార్చాను, మార్చాల్సిన అవసరం లేకపోయినా. నందిగామ దగ్గర గీత ఇంకో జానెడు సాగింది. ఇద్దరం చూశాం. కారు ఇంకొంచెం నెమ్మది చేశాను. గోదావరి జిల్లా పొలిమేర తగిలేదాకా స్టీరింగు మీద పట్టు సడలించలేదు.

మా గుమ్మం

పొద్దుగూకకముందే తణుకు చేరాం. కడుపుతో ఉన్న పిల్ల దూరం నుంచి వస్తే ఎర్రనీళ్ళు దిగదుడవాలి. ముందే ఫోన్ చేసి చెబితే ఎదురింటి వరలక్ష్మి పళ్ళెంలో పసుపూ సున్నం కలిపి సిద్ధంగా నిలబడింది. ప్రసన్న దిగింది. యాదమ్మ గారూ దిగారు. దిగీ దిగడంతోనే, ఏళ్ళ అలవాటు కదా, సంచి పట్టుకుని కారు వెనక్కి తప్పుకోబోయారు.

ప్రసన్న వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది. లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది. వరలక్ష్మి పళ్ళెం ఎత్తబోయి ఆగి, నా వైపు చూసింది. వాళ్ళిద్దరికీ కలిపి తియ్యమన్నాను.

 యాదమ్మ గారు సంచి కింద పెట్టి, దారంతా అద్దం మీద ఆన్చిన ఆ చేతిని తీసుకెళ్ళి కోడలి కడుపు మీద ఆన్చారు.

"ఇద్దరం కాదు వదినె" అన్నారు. "ముగ్గురికి తియ్యమను."